ఏమీ జరగని మధ్యాహ్నాలు

పొద్దున్నే టీ కప్పు తెచ్చుకుని, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, టాబ్లెట్‌ని చక్కెర డబ్బాకి ఆనించి పెట్టుకోవడం ఆయన అలవాటు. ఆ వేళకి ఎండ బల్ల అంచు దాకా వచ్చి ఆగుతుంది, కళ్ళలో పడదు. అది ఆ ఇల్లు తనకి రోజూ చేసిపెట్టే చిన్న ఉపకారంలా అనిపిస్తుంది ఆయనకి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, తెర మీద వేలితో తట్టి, కప్పు ముట్టుకోకుండా అలాగే కూర్చుంటాడు. కాసేపటికి ఏదో విన్నట్టు తలాడించి, "ఆఁ, తాగుతున్నా" అని మెల్లగా గొణిగి, అప్పుడు కప్పు ఎత్తుతాడు.

ఇంట్లో మిగతా ఇద్దరూ ఆయన వార్తలు వింటున్నాడనే అనుకునేవారు.

ఆ రోజు ఆయన ఆ మాట అనలేదు. టీ మీద ఆవిరి ఆగిపోయింది, పైన సన్నగా మీగడ కట్టింది, ఆయన ఇంకా తెరకేసే చూస్తున్నాడు.

"ఏరా తమ్ముడూ, ప్రపంచం ఏమైనా మునిగిపోతోందా? అలా గుడ్లప్పగించి చూస్తున్నావు?" అంటూ వంటింట్లోంచి అక్కయ్య కాల్చిన రొట్టెముక్కలు పట్టుకొచ్చింది. ఆవిడకి చెవి కాస్త మందం. అందుకని లోకంలో అందరికీ చెవుడే అన్నట్టు మాట్లాడుతుంది. మరదలు పోయాక, నాలుగు రోజులు ఉండి వెళతానని వచ్చి, వంటిల్లు స్వాధీనం చేసుకుని, వెళ్ళే మాట ఎత్తడం మానేసిన మనిషి.

"ఏమీ లేదక్కయ్యా."

"ఏమీ లేకపోతే టీ తాగు. మళ్ళీ వేడి చెయ్యను, ముందే చెబుతున్నా."

తెర మీద రంగురంగుల చదరాలు వరసగా ఉన్నాయి. ఒక్కోదాని కింద ఒక్కో పేరు. ‘నవ్వులు’. ‘అతిథులు’. ‘పిచ్చుక పట్టా తెచ్చిన రోజు’. ఆయన ‘నవ్వులు’ మీద వేలు పెట్టాడు. భార్య నవ్వింది. ఎవరో చుట్టాల మధ్య నిలబడి, తల వెనక్కి వాల్చి నవ్వింది. వెనక ఎవరో వాయిస్తున్న సన్నటి సంగీతం. ఆ సంగీతం ఎక్కడిదో ఆయనకి తెలియదు. నవ్వు అయిపోగానే ఇంకో నవ్వు, దాని వెనక మరొకటి. ఆమె అంతగా నవ్వే మనిషి కాదు. అలా గుత్తి కట్టి చూపిస్తే, ఆ ముఖం ఆమెదే కానీ, మనిషి ఎవరో అన్నట్టుంది.

"చూశావా నాన్నా!" తడి జుట్టు తువ్వాలుతో ఒత్తుకుంటూ కూతురు గదిలోంచి వచ్చింది. "రాత్రి ఎక్కించి పెట్టాను. నీకు చెప్పకుండా ఉంచుదామని నోరు మూసుకుని కూర్చున్నా. ఎలా ఉంది?"

ఆమెని ఇంట్లో పిచ్చుక అంటారు. చిన్నప్పుడు ఒకచోట కాలు నిలవని పిల్ల అని వాళ్ళమ్మ పెట్టిన పేరు. ఇప్పుడు నెత్తి మీద ఒకటి రెండు తెల్లవెంట్రుకలు కనబడుతున్నా, పేరు మారలేదు, కాలూ నిలవలేదు.

"చాలా బాగుందమ్మా" అన్నాడాయన. నిజంగానే అన్నాడు.

తండ్రికి ఆ పనితనం విలువ తెలుసు. ఆయన ఉద్యోగమంతా ఒక ప్రచురణ సంస్థలో, పుస్తకాల చివర వచ్చే సూచికలు తయారుచెయ్యడంతో గడిచింది. ఏ మాట ఏ పేజీలో ఉందో అక్షరక్రమంలో చూపించే ఆ కాసిని పేజీలు ఎవరూ చదవరు, అవసరమొస్తే వెతుక్కుంటారంతే. అక్కడ అందరూ ఆయన్ని ‘సూచికలాయన’ అనేవారు. పుస్తకాలు తెరల మీదికి ఎక్కాక ఆ పని అడిగేవాళ్ళు లేకుండా పోయారు. ‘మీ పని మీ అమ్మాయే లాగేసుకుందిగా’ అని ఎవరైనా ఆటపట్టిస్తే, ‘ఇంట్లోనే ఉందిగా, బయటికి పోలేదు’ అని నవ్వేవాడు.

పిచ్చుక కట్టిన సాఫ్ట్‌వేర్ పేరు చూపుడువేలు. ఆమె పనిచేసే కంపెనీ గ్రంథాలయాలకీ, కాలేజీలకీ అలాంటివి చేసి ఇస్తుంది. గంటలకొద్దీ ఉన్న పాఠాల వీడియోలో ‘గుండె కవాటాల గురించి ఎక్కడ చెప్పారు’ అని అడిగితే, సరిగ్గా ఆ మాట దగ్గరికి తీసుకెళ్ళి నిలబెడుతుంది. లావుపాటి నవలలో ‘ఆ డాక్టరు మొదట ఎక్కడ కనబడతాడు’ అంటే ఆ పుట తెరుస్తుంది. ఇది నచ్చినవాళ్ళకి ఇంకేవి నచ్చుతాయో అదే చెబుతుంది. పొడుగాటి వీడియోని అధ్యాయాలుగా విడదీసి, ఒక్కోదానికి పేరు పెట్టి, ఏమీ జరగని చోట్లు ఏరి పక్కన పడేస్తుంది.

దానికి బీజం ఈ ఇంట్లోనే పడింది. చిన్నప్పుడు తండ్రి నేలంతా పరిచిన చీటీల మధ్య కూర్చుని ఆమె వాటిని వరసలో పేర్చేది.

"కథలో డాక్టరు గొడుగు మరిచిపోయి వెళ్ళాడనుకో, గొడుగుని సూచికలో ఎక్కిస్తామా?" అని అడిగేవాడాయన.

"ఎక్కించం."

"ఎందుకని?"

"ఊరికే వచ్చి పోయింది కాబట్టి!"

"శభాష్. ఏది వదిలెయ్యాలో తెలిసినవాళ్ళే సూచిక రాయగలరు."

ఆ పిల్ల ఆ మాట మరిచిపోలేదు.

ఇప్పుడు ఆయన టాబ్లెట్‌ని ఆమె వైపు తిప్పాడు. గొంతు సర్దుకుని, అదేదో అంత ముఖ్యం కాని సంగతి అన్నట్టు అడిగాడు.

"ఆ పాతవి ఉండేవి కదమ్మా... మధ్యాహ్నాలవి. మీ అమ్మ ఊరికే బల్ల దగ్గర కూర్చుని ఉండేవి. అవి ఎక్కడ నొక్కితే వస్తాయి?"

"ఏవీ, నేను కాలేజీలో ఉన్నప్పటి టెస్ట్ రికార్డింగులా? గంటలు గంటలు ఉన్నాయి నాన్నా అవి. వాటిల్లో ఏమీ లేదు. అందులోంచి కూడా మంచి ముక్కలు తీసింది చూడు, ఇదిగో, గిన్నె జారిపడ్డప్పుడు అమ్మ ముఖం!"

"అది సరే. మిగతాది?"

"మిగతాది వదిలేసింది."

"వదిలేసిందంటే ఆ నల్లపెట్టెలో ఉంటుందిగా?"

పిచ్చుక తువ్వాలు భుజాన వేసుకుంది. "ఆ డిస్కు టిక్కు టిక్కుమనేదిగా నాన్నా, ఇవాళో రేపో పోయేలా ఉండింది. ఆఫీసుకి తీసుకెళ్ళి కావలసినవి కొత్తదాంట్లోకి ఎక్కించాను. మా ఆఫీసులోకి వచ్చిన డిస్కుని తుడిచెయ్యకుండా ఉంచరు, రూలది. నిన్ను అడిగానుగా? ఏవైనా విడిగా దాచమంటావా అంటే, నీ ఇష్టం, ఏది పనికొస్తుందో నీకే తెలుసు అన్నావు."

"ఆఁ, అన్నాను" అన్నాడాయన.

లేచి, కప్పు పట్టుకెళ్ళి, టీ మొత్తం సింకులో ఒంపేశాడు. కప్పు కడిగి బోర్లించి, తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

"టీ పారబోశాడేంటే?" అంది అక్కయ్య, వీధిలోకి వినబడేంత గుసగుసగా. "వీడు పుట్టి బుద్ధెరిగాక టీ పారబోయడం నేను చూడలేదు."

*

ఆ రికార్డింగుల కథ ఇది. పిచ్చుక కాలేజీలో ఉన్నప్పుడు, ఏదైనా జరుగుతున్న వీడియోకీ ఏమీ జరగని వీడియోకీ తేడా కనిపెట్టే ప్రోగ్రాం ఒకటి రాయాలనుకుంది. దానికి కావలసినంత వీడియో కావాలి. భోజనాల గదిలో పుస్తకాల అర మీద కెమెరా పెట్టి, మధ్యాహ్నాలన్నీ అలా వదిలేసింది.

"ఇదేంటే, దొంగలు పడతారనా?" అంది తల్లి.

"కాదమ్మా. నువ్వు మామూలుగా ఉండు, చాలు."

"మామూలుగా ఉండమంటే ఎలా ఉండాలో చెప్పవే మరి!"

మొదట్లో ఆవిడ మంచి బట్టలు కట్టుకుని, తల దువ్వుకుని, బల్ల ముందు ఫొటోకి కూర్చున్నట్టు కూర్చునేది. తరవాత కెమెరా సంగతే మరిచిపోయింది. బఠాణీలు ఒలిచేది, చొక్కా గుండీలు కుట్టేది, ఉతికిన బట్టలు మడిచేది. కెమెరాకి కనబడకుండా బల్లకి ఆ చివర భర్త ప్రూఫులు ముందేసుకుని ఉండేవాడు. ఆవిడ మాట్లాడుతూ ఉండేది. ఆయన వైపు నుంచి కాగితాల చప్పుడు, అప్పుడప్పుడూ ఒక "ఊఁ". చివరికి ఆవిడ తలెత్తి, "టీ చల్లారిపోతోంది, వింటున్నారా?" అనేది. దానికీ ఒక "ఊఁ".

ఆవిడ పోయాక, టాబ్లెట్‌కి తగిలించిన ఆ నల్లపెట్టెలో ఏదో వెతుకుతుంటే ఇవి ఆయన కంటబడ్డాయి. అప్పటినుంచి రోజుకొకటి చూస్తున్నాడు. ఆవిడ మాట్లాడుతుంది, ఈయన వింటాడు. టీ చల్లారిపోతోందని చెబుతుంది, ఈయన జవాబు చెప్పి తాగుతాడు. ఈ వయసులో ఇదేం పిచ్చి అనుకుంటారని, వార్తలు వింటున్నానని చెప్పేవాడు. కూతురు అడిగిన రోజున కూడా ఆ సిగ్గే అడ్డొచ్చింది.

*

సాయంత్రం పిచ్చుక ఇంటికి ఎగురుతూ వచ్చింది. పెద్ద గ్రంథాలయం వాళ్ళకి చూపుడువేలు చూపించారట. వాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. ఆ ఆనందంలో కేకు కొనుక్కొచ్చింది.

"ఏం చూపించావు?" అని అడిగాడు తండ్రి, బల్ల దగ్గర కూర్చుంటూ.

"అమ్మ నవ్వులే చూపించాను నాన్నా. బయటి వీడియోలైతే అనుమతులూ అవీ. ఒకావిడ ఏడ్చేసింది తెలుసా."

"తీసేసినవి కూడా చెప్పావా వాళ్ళకి?"

పిచ్చుక కేకు కోస్తున్న చాకు ఆగింది. "పొద్దున్నుంచీ నీకు కోపంగా ఉందని అత్త ఫోన్ చేసింది. అన్నం కూడా సరిగా తినలేదట. ఏంటో చెప్పు నాన్నా. నేను నీకోసమే చేశాను."

"నాకోసమే చేశావు. బాగా చేశావు. మీ అమ్మ నవ్వుంది, మీ అమ్మ పాటుంది, గిన్నె జారిపడితే ఉలిక్కిపడ్డ మీ అమ్మ ఉంది. మామూలు మీ అమ్మ ఒక్కతే లేదు అందులో."

"అంటే ఆ బఠాణీలు ఒలవడమా?"

"ఆ బఠాణీలు ఒలవడమే."

"నాన్నా, అది నువ్వు నేర్పిన పనే కదా! ఊరికే వచ్చి పోయేది ఎక్కించొద్దని నాకు చెప్పిందెవరు? గొడుగుని ఎక్కించకూడదని ఎన్నిసార్లు వల్లె వేయించావు!"

ఆయన గొంతు ఎప్పుడూ పెరగదు. అప్పుడు పెరిగింది.

"గొడుగుని సూచికలో ఎక్కించొద్దన్నానమ్మా. పుస్తకంలోంచి చింపెయ్యమన్నానా?"

అక్కయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఒకసారి తమ్ముడినీ, ఒకసారి మేనకోడలినీ చూసింది.

"ఎవరి గొడుగు పోయింది?" అంది.

ఎవరూ నవ్వలేదు. పిచ్చుక కళ్ళు ఎర్రబడ్డాయి.

"నువ్వు వార్తలు వింటున్నానన్నావు. రోజూ. నేను అడిగితే వార్తలే అన్నావు. అడిగి మరీ, ఏవి దాచనూ అంటే, పేపర్లోంచి తలెత్తకుండా నీ ఇష్టం అన్నావు. ఇప్పుడు నేను చింపేశానంటున్నావు. నాకెలా తెలుస్తుంది నాన్నా? నాకు ఎలా తెలియాలి?"

పేపర్లోంచి తలెత్తకుండా అన్న మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆయన తన ముందున్న కేకు పళ్ళేన్ని పక్కకి జరిపాడు.

"నిజమేనమ్మా" అన్నాడు. "తలెత్తలేదు. నాకది కొత్తేమీ కాదు."

ఆయన లేచి వెళ్ళిపోయాక, అక్కయ్య కేకు మీద మూత పెట్టింది. జరిగిందంతా మేనకోడలి చేత చెవిలో అరిపించుకుని వింది.

"వార్తలు వింటూ ‘తాగుతున్నా’ అంటాడేంటా అనుకునేదాన్ని" అంది. "నాతో అంటున్నాడేమో, నాకే సరిగా వినబడలేదేమో అనుకుని, సరే తాగు అనేదాన్ని."

*

మర్నాడు పిచ్చుక ఆఫీసుకి వెళ్ళి, మెట్లు దిగి నేరుగా కింది అంతస్తుకే వెళ్ళింది. పాత సామాన్ల గదిలో ఎప్పుడూ రేడియో సన్నగా మోగుతుంటుంది. దాన్ని చూసుకునే ఆయన ఆమెని చూసి లేచి నిలబడ్డాడు.

"మొన్న నేనిచ్చిన డిస్కు ఉందా?"

"తుడిచేశాం మేడమ్. తుడిచి ఊరుకోముగా, డ్రిల్లు కూడా వేస్తాం." ఆయన ఒక ప్లాస్టిక్ తొట్టిలో చెయ్యి పెట్టి వెతికి తీశాడు. డిస్కు నడిమధ్య గుండ్రటి కన్నం. దాంట్లోంచి అవతలి గోడ కనబడుతోంది. "ఏమైనా ముఖ్యమైనది ఉండిపోయిందా?"

"మా అమ్మ" అంది పిచ్చుక. అనేశాక, ఆ మాట ఎంత వింతగా ఉందో తనకే వినబడింది.

ఆయన వివరం అడగలేదు. రేడియో కట్టేశాడు. డిస్కుని చొక్కా అంచుతో తుడిచి రెండు చేతులతో ఇచ్చాడు. "తీసుకెళ్ళండి మేడమ్. ఇంకెవరికీ పనికొచ్చేది కాదు ఇది, రూలేం అడ్డు రాదు."

తన సీటు దగ్గరికి వచ్చి, చూపుడువేలు ఏం చూసి ఏం తీసేసిందో తెలిపే పేజీ తెరిచింది. ప్రతి ముక్క ఎదురుగా కారణం ఉంటుంది. కిందకి కిందకి జరుపుతూ పోతే అన్నిటికీ ఒకటే కారణం. ‘ఏమీ జరగలేదు’. ‘ఏమీ జరగలేదు’. ‘ఏమీ జరగలేదు’.

ఆ మాటలు దానికెక్కడివి? అప్పుడు గుర్తొచ్చింది. అది దానంతట దానికి పుట్టిన మాట కాదు. కాలేజీ రోజుల్లో, ఈ రికార్డింగులే ముందు పెట్టుకుని, యంత్రానికి నేర్పడానికి ఒక్కో ముక్కకీ తనే గుర్తు వేసింది. వీధి తలుపు తెరుచుకుంటే ఒక మీట, ‘జరిగింది’. అమ్మ గుండీ కుడుతుంటే ఇంకో మీట, ‘ఏమీ జరగలేదు’. కాళ్ళు బల్ల మీద బారజాపుకుని, ఆపిల్ కొరుక్కుంటూ, సెలవులంతా అదే పని. అమ్మ వెనకనుంచి వచ్చి, "అదేంటే, నన్ను చూస్తూ నాకేనా మార్కులు వేస్తున్నావు?" అని అడిగింది కూడా. "ఊఁ" అంది తను, తల తిప్పకుండా.

తండ్రిని అన్న మాట గుర్తొచ్చి, పిచ్చుక రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. పక్క సీటు అమ్మాయి మంచినీళ్ళ సీసా మూత తీసి దగ్గరగా జరిపి, ఏమీ అడక్కుండా తన పనిలో పడింది.

కాస్త తేరుకున్నాక, ఏదైనా మిగిలిందేమోనని కంప్యూటర్లో ఆ పని జరిగిన అరలన్నీ ఒక్కొక్కటే తెరిచి చూడసాగింది. వీడియోలు లేవు. గొంతులు లేవు. చివరికి ఒకచోట చేతికి తగిలింది, ఎవరూ లెక్కలోకి తీసుకోని అర. వీడియో కింద గీత మీద వేలు జారిస్తే, ఏ చోటికి వెళుతున్నామో తెలియడానికి పైన చిన్నచిన్న బొమ్మలు వస్తాయి కదా, అవి. కోత మొదలవకముందే రికార్డింగు మొత్తానికీ ఆ బొమ్మలు తయారైపోతాయి. కోత అయ్యాక వాటిని తీసెయ్యాలని ఆమె ప్రోగ్రాంలో రాయలేదు. మరిచిపోయింది. మరిచిపోవడం కూడా ఒక్కోసారి మేలు చేస్తుందని ఆమెకి ఆ రోజే తెలిసింది.

బొటనవేలి గోరంత బొమ్మలు. మాట లేదు, చప్పుడు లేదు. కానీ ఏ మధ్యాహ్నమూ పోలేదు.

*

సెలవు రోజు పొద్దున, ఆయన కిటికీ పక్క కుర్చీలో ఖాళీ చేతులతో కూర్చుని ఉన్నాడు. టాబ్లెట్ ఆ రోజునుంచీ సొరుగులోనే ఉంది. పిచ్చుక దాన్ని తీసి, చక్కెర డబ్బాకి ఆనించి, కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. కన్నం పడ్డ డిస్కు కూడా బల్ల మీద పెట్టింది.

"వెతికాను నాన్నా. పోయింది. తిరిగి రాదు. ఇదిగో." ఆమె దాచే ప్రయత్నం చెయ్యలేదు. "తప్పు నాది. అమ్మని ‘ఏమీ లేదు’ అని దానికి నేర్పింది నేనే. నువ్వు కాదు, గొడుగు కాదు."

ఆయన డిస్కుని చేతిలోకి తీసుకున్నాడు. కన్నంలో వేలు పెట్టి చూశాడు.

"అడిగినప్పుడు నోరు విప్పి చెప్పి ఉంటే..." అన్నాడు. "నా భార్యని చూసుకుంటున్నానని నా కూతురికి చెప్పడానికి సిగ్గుపడ్డాను, చూడు. నీ ఒక్కదానిదే ఎందుకవుతుందమ్మా."

"ఒకటి మిగిలింది. చాలా చిన్నది. నువ్వు మరీ ఆశ పెట్టుకోకు."

తెర మీద కింద సన్నటి గీత. పైన ఖాళీ. ఆమె తండ్రి చెయ్యి పట్టుకుని, చూపుడువేలు ఆ గీత మీద పెట్టింది. వేలు కదలగానే పైన ఒక చిన్న బొమ్మ వెలిగింది. బల్ల, గిన్నె, వంచిన తల. ఇంకాస్త జరిగితే ఇంకో బొమ్మ. తల ఎత్తింది. ఇంకోటి. చెయ్యి గాలిలో ఉంది.

ఆయన కళ్ళజోడు సవరించుకుని ముందుకి వంగాడు. వేలు ఆగిపోయింది.

"ఇది బఠాణీల రోజు" అన్నాడు. "ఇక్కడ నీ గురించే చెబుతోంది. ‘పిచ్చుక ఇవాళ కూడా తినకుండా పోయింది, మీరైనా చెప్పరేం?’ అంటుంది. నేను ఊఁ అంటాను."

పిచ్చుక తండ్రి ముఖం వైపు తిరిగింది.

వేలు మెల్లగా జరిగింది. "ఇప్పుడు గింజ ఒకటి కింద పడుతుంది. చూశావా, వంగింది. ‘పారిపోతే వదిలేస్తాననుకున్నావా’ అంటుంది దాంతో." ఆయన గొంతులో ఆవిడ విసురు కొద్దిగా పలికింది. "ఇదిగో ఇక్కడ, కెమెరా వైపు చూస్తోంది కదా. ఇది నీతోనే."

"నాతోనా? ఏమంది?"

"‘ఎప్పటికైనా నువ్వు ఇది చూస్తావేమోనే. చూస్తే ముందు అన్నం తిని చూడు’ అంది."

పిచ్చుక నవ్వబోయింది. నవ్వు మధ్యలోనే విరిగి ఏడుపైంది. తండ్రి భుజం మీద తల పెట్టి, చిన్నపిల్లలా వెక్కింది. "నేను వినలేదు నాన్నా. చప్పుడు ఆపేసి గుర్తులు పెట్టేదాన్ని, తొందరగా అవుతుందని. ఒక్కసారి కూడా వినలేదు."

"నేను పక్కనే కూర్చుని కూడా వినలేదమ్మా. తరవాతే విన్నాను. రోజూ విని విని నోటికి వచ్చేసింది." ఆయన ఆమె తల మీద చెయ్యి వేశాడు. "పుస్తకం పోయిందిలే. సూచిక ఉంది. ఏ పేజీలో ఏముందో నాకు తెలుసు."

పిచ్చుక కళ్ళు తుడుచుకుంది. ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

"నువ్వు చెప్పేది రికార్డు చెయ్యనా?"

"చెయ్యి. ఏదీ కొయ్యకు."

"కొయ్యను. ఆఫీసులో కూడా మార్చేశాను నాన్నా. ఇకమీదట అది దేన్నీ పారెయ్యదు. మడిచి పక్కన పెడుతుందంతే, విప్పుకునేవాళ్ళు విప్పుకోవచ్చు. చోటు దండగని మా పై అధికారి గొణిగాడు. గొణగనీ."

ఆమె మీట నొక్కింది. ఆయన వేలు మళ్ళీ గీత మీద పెట్టి, చెప్పడం మొదలుపెట్టాడు. గుండీల రోజు. వాన పడి బట్టలు తడిసిన రోజు. మాట తట్టనిచోట ఆగేవాడు. ఆ ఆగడంలో వీధిలో సైకిలు గంట, వంటింట్లో గరిటె చప్పుడు, అక్కయ్య టీ కప్పు తెచ్చి పెట్టిన చప్పుడు, ఆయన ఊపిరి, అన్నీ ఫోన్‌లోకి వెళుతున్నాయి. ఒక బొమ్మ దగ్గర ఆయన వేలు ఆగింది. ఆవిడ తల పూర్తిగా ఎత్తి, బల్లకి ఆ చివర ఎవరివైపో చూస్తోంది. నోరు సగం తెరిచి ఉంది.

"ఇక్కడ..." అన్నాడు. ఆ తరవాతి మాట ఆయన నోటికి రాలేదు. అది ఆయన చెప్పవలసిన మాట కాదు. ఎప్పుడూ ఆవిడ ఆయనకి చెప్పిన మాట.

పిచ్చుక ఫోన్‌ని ఆయన వైపు కాస్త జరిపింది.

"టీ చల్లారిపోతోందిరా!" వంటింటి గుమ్మంలోంచి అక్కయ్య గొంతు గదంతా నిండింది. "పెట్టి ఎంతసేపైంది! మళ్ళీ వేడి చెయ్యనని చెప్పానా లేదా?"

"అత్తా! రికార్డవుతోంది!"

"అయితే అవనీవే. రికార్డయితే టీ చల్లారదా ఏంటి?"

ఆయన తెరమీంచి తలెత్తాడు. కుర్చీలో పూర్తిగా తిరిగి, గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడ్డ అక్కయ్యని చూశాడు. ఆవిడ జుట్టు చెదిరి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆవిడకి ఎంత వినబడిందో, ఎప్పటినుంచి అక్కడ నిలబడి ఉందో తెలియదు.

"ఆఁ, తాగుతున్నానక్కయ్యా" అన్నాడు, ఆవిడకి వినబడేలా. కప్పు ఎత్తాడు. అది ఇంకా గోరువెచ్చగానే ఉంది.